బిళ్లలు వేస్తున్నా పూల్‌కి నాచు పడుతోందా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు స్విమ్మింగ్ పూల్ 60,000 లీటర్లు. రోజూ 200 గ్రాముల క్లోరిన్ బిళ్ల ఒకటి వేస్తున్నాం. క్లోరిన్ 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) ఉన్నట్టు చూపిస్తున్నా, ఎండలు ముదిరాక గోడలు జారుడుగా, నీళ్లు పచ్చగా అయ్యాయి. రెండో బిళ్ల వేయాలా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దండీ, ఆ బిళ్లల వల్లే ఈ తంటా. మీరు వేసే టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసయనూరిక్ ఆమ్లం) బిళ్లలో క్లోరిన్‌తో పాటు సయనూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడేది అదే కాబట్టి 30–50 పీపీఎం ఉండాల్సిందే. అయితే క్లోరిన్ ఖర్చవుతుంది, ఇది నీళ్లలోనే మిగిలిపోతుంది. మీ పూల్‌లో ఒక్కో బిళ్లకు దాదాపు 1.8 పీపీఎం చేరుతుంది, అంటే నెలకు 50 పైమాటే. మోతాదు మించితే క్లోరిన్‌ను కట్టిపడేస్తుంది. అంకె కనిపిస్తుంది, నాచు చావదు. క్లోరిన్ కనీసం సయనూరిక్ అంకెలో 7.5 శాతం ఉండాలి. సయనూరిక్ 150 ఉంటే 11 పీపీఎం పైన కావాలన్నమాట.

ముందు సయనూరిక్‌ను కొలవండి. దాన్ని కొలిచే కిట్‌లోని గొట్టం అడుగున నల్లచుక్క ఉంటుంది. మందు కలిపిన నీళ్లు తెల్లగా మబ్బు కడతాయి. కొద్దికొద్దిగా పోస్తూ, పైనుంచి చూస్తే చుక్క ఎక్కడ మాయమైందో ఆ గీతే లెక్క. 100 దాటితే పూల్ నీళ్లకు సమానంగా కుళాయి నీళ్లు కలిపి మళ్లీ చూసి, వచ్చింది రెట్టింపు చేయండి.

తగ్గించడానికి నీళ్లు మార్చడమే దారి. సగం తీసి నింపితే 160 కాస్తా 80, మరోసారి మారిస్తే 40. ఒకేసారి పూర్తిగా ఖాళీ చేయొద్దు. భూగర్భజలం పైనే ఉన్నచోట, ముఖ్యంగా వానాకాలంలో, ఖాళీ తొట్టి పైకి లేచి పగులుతుంది.

తర్వాత యాసిడ్‌తో పీహెచ్ 7.2కు దించి, గోడలన్నీ బ్రష్‌తో రుద్ది, పొద్దుగూకాక 12 శాతం సోడియం హైపోక్లోరైట్ (హైపో అనే క్లోరిన్ ద్రావణం) 8 లీటర్లు పోయండి. 16 పీపీఎం వస్తుంది. హైపో ఎండకు సత్తువ కోల్పోతుంది, తాజాది కొనండి. యాసిడ్, హైపో ఒకే బకెట్‌లో పోయకండి, విషవాయువు పుడుతుంది. రాత్రంతా పంపు నడవాలి. తెల్లారేసరికి క్లోరిన్ 1 పీపీఎం కన్నా ఎక్కువ తగ్గితే నాచు ఇంకా బతికే ఉన్నట్టు. మళ్లీ 16కు తెండి. ఫిల్టర్ ప్రెషర్ మామూలు కన్నా 8–10 పీఎస్‌ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీటిని ఎదురు దిశలో పంపి ఫిల్టర్ కడగండి.

ఇకపై రోజువారీకి హైపోనే వాడండి. మీ బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే కాల్షియం ఉన్న బ్లీచింగ్ జోలికి పోవద్దు, టైల్స్‌కు తెల్లపొర కడుతుంది.

ప్రశ్న: 1,200 లీటర్ల హాట్ టబ్‌లో నురగ పోవడం లేదు. – విజయవాడ

జవాబు: తలనూనె, బట్టల్లో మిగిలిన సబ్బు పొడి. రోజూ ఇద్దరు దిగితే యాభై రోజులకోసారి నీళ్లు మార్చాల్సిందే. దిగేముందు తలస్నానం చేయించండి.