పేరుకున్నది స్ఫటికమా, మూలకమా?

సందేహం: తిరుపతిలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. తెలుగులో ఒక వ్యాసం రాస్తూ "ప్లేజియోక్లేజ్ పేరుకుపోవడంతో శిలాద్రవంలో స్ట్రాన్షియం, యూరోపియం పెరిగాయి" అన్నాను (ప్లేజియోక్లేజ్ అంటే కాల్షియం, సోడియం ఉండే ఒక ఖనిజం; శిలాద్రవం అంటే కరిగిన రాయి). మా సారు చదివి వాక్యం తప్పన్నారు, ఎందుకో చెప్పలేదు. స్నేహితుడేమో 'పేరుకోవడం' నెయ్యికే గానీ రాళ్లకు చెల్లదంటున్నాడు. ఎవరి మాట సరి? ట్రేస్ ఎలిమెంట్స్‌ను 'సూక్ష్మ మూలకాలు' అనాలా, 'లేశ మూలకాలు' అనాలా?

సమాధానం: ముందు మీ స్నేహితుడి అభ్యంతరం తేల్చేద్దాం. ద్రవం గడ్డకట్టడమే 'పేరు' క్రియకు పాత అర్థం. చిత్తూరు వైపు చలికాలంలో 'నెయ్యి పేరుకునింది' అనేది ఈ అర్థంలోనే. తర్వాత ఒండ్రు, చెత్త, బకాయిలు కూడా పేరుకోవడం మొదలుపెట్టాయి. అంటే 'ఒకచోట పోగవడం' అనే రెండో అర్థం స్థిరపడింది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన గ్రానైట్ మీద పరుచుకుని కనిపించే క్వార్ట్‌జైట్‌ను 'పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి' అంటే ఎవరూ కాదనరు. కాబట్టి రాళ్లకు ఈ మాట చెల్లుతుంది.

చిక్కు శిలాద్రవం గట్టిపడి ఏర్పడే అగ్నిశిలల దగ్గరే వస్తుంది. అక్కడ రెండు అర్థాలూ ఒకేసారి ఎదురవుతాయి. 'శిలాద్రవం పేరుకుంది' అంటే గట్టిపడిందని. 'స్ఫటికాలు పేరుకున్నాయి' అంటే పోగయ్యాయని. మరి 'ప్లేజియోక్లేజ్ పేరుకుంది' అంటే? ద్రవంలోంచి స్ఫటికంగా ఏర్పడిందనా, ఏర్పడినవన్నీ ఒకచోట చేరాయనా? మీ శాస్త్రంలో ఇవి వేర్వేరు సంగతులు. చిత్తూరు జిల్లాలో గ్రానైట్‌ను చీల్చుకుని వచ్చి గోడల్లా గట్టిపడిన డోలరైట్ (నల్లటి అగ్నిశిల) డైకులు చాలా ఉన్నాయి. సన్నటి డైకు అంచున ద్రవం చప్పున చల్లారి, ఉన్నదున్నట్టు గట్టిపడుతుంది. ప్లేజియోక్లేజ్ అక్కడా ఏర్పడింది, కానీ పోగవలేదు. ఆ అంచు రసాయనం ద్రవం రసాయనానికి దగ్గరగా ఉంటుంది. స్ఫటికాలు ద్రవాన్ని విడిచి ఒకచోట చేరిన శిల అలా ఉండదు. అందుకని చేరడానికి 'పోగుపడు' వాడమంటాను. 'పేరుకొను' తప్పు కాదు, రెండర్థాలకు తావిస్తుందంతే. 'పేరుకుపోవు' మాత్రం వద్దు. అందులో అక్కర్లేనిది మిగిలిపోయిందన్న విసుగు ఉంది.

ఇక మీ సారు పట్టుకున్న తప్పు. అది క్రియలో లేదు, 'శిలాద్రవంలో' అన్న మాటలో ఉంది. ప్లేజియోక్లేజ్‌లో కాల్షియం ఉండే చోట స్ట్రాన్షియం సులువుగా ఇముడుతుంది. రేర్ ఎర్త్ మూలకాలు (యూరోపియం కూడా ఈ కుటుంబంలోదే) మామూలుగా మూడు ధనావేశాలతో ఉంటాయి. ఆక్సిజన్ తక్కువగా ఉన్న శిలాద్రవంలో యూరోపియం కొంత రెండు ఆవేశాలతో ఉంటుంది. దాని సైజు దాదాపు స్ట్రాన్షియం సైజే కాబట్టి అదీ ఆ చోటుకే చేరుతుంది. స్ఫటికాలు ఈ రెంటినీ తమతో పట్టుకుపోతే ద్రవంలో మిగిలేది తక్కువే. మీ వాక్యం సరిగ్గా తలకిందులైంది. 'పెరిగాయి' అన్న క్రియ కూడా చదివేవాణ్ణి తప్పుదారి పట్టిస్తోంది. పెరగడం అనగానే ఒకే వస్తువులో ముందు తక్కువ, తర్వాత ఎక్కువ అని తోస్తుంది. శిల వేరు, ద్రవం వేరు అయినప్పుడు 'దేనికన్నా' అన్నది చెప్పి తీరాలి. ఇలా దిద్దుకోండి: "ప్లేజియోక్లేజ్ స్ఫటికాలు పోగుపడిన ఈ శిలలో, మాతృద్రవంలో కన్నా స్ట్రాన్షియం ఎక్కువ. యూరోపియం, పక్క రేర్ ఎర్త్‌లతో పోలిస్తే, ఎక్కువ. స్ఫటికాలు వేరుపడ్డాక మిగిలిన ద్రవంలో స్ట్రాన్షియం తగ్గింది; యూరోపియం, పక్క రేర్ ఎర్త్‌లతో పోలిస్తే, తగ్గింది."

పొడుగైందనకండి. 1969లో అపోలో 11 రాళ్లు వచ్చాక చంద్రుడి గురించి చెప్పుకున్న కథ చాలావరకు ఈ తేడా మీదే నిలిచింది. చంద్రుడి మీద తెల్లగా కనిపించే ఎత్తైన ప్రాంతాల్లోని అనార్థోసైట్‌కు (దాదాపు అంతా ప్లేజియోక్లేజే ఉండే రాయి) రేర్ ఎర్త్‌ల గ్రాఫ్‌లో యూరోపియం దగ్గర శిఖరం ఉంటుంది, నల్లటి మైదానాల బసాల్ట్‌కు గుంట ఉంటుంది. ఒకప్పటి శిలాద్రవ సముద్రంలో ప్లేజియోక్లేజ్ తేలి పైన పోగుపడిందనీ, యూరోపియం పోగొట్టుకున్న మిగతా పదార్థం నుంచి తర్వాత ఆ బసాల్ట్ పుట్టిందనీ వివరిస్తారు. తేలింది అన్నాను చూడండి. 'అడుగున పేరుకున్న' అని అలవాటుగా రాసేస్తుంటారు. పోగుపడటానికి అడుగే అక్కర్లేదు. 'అడుగున' అన్నది రుజువుంటేనే రాయండి.

ఒలివీన్ అనే ఖనిజానికైతే నికెల్ మీద మక్కువ. అది పోగుపడిన శిలలో నికెల్ దండిగా ఉంటుంది, ద్రవంలో త్వరగా పడిపోతుంది. ఈ రెండు ఖనిజాల్లోనూ ఇమడని రుబిడియం, థోరియం లాంటివి ద్రవంలోనే ఉండిపోతాయి. పోగుపడిన శిలలో వాటికి 'తగ్గింది' కన్నా 'పలచబడింది' చక్కగా అతుకుతుంది. అక్కడ దొరికేది చాలావరకు స్ఫటికాల సందుల్లో చిక్కుకున్న కాస్త ద్రవం నుంచి వచ్చిందే. జిర్కాన్ అనే ఖనిజం సంగతి వేరు. రాయిలో దాని వాటా పిసరంతే అయినా జిర్కోనియం, హాఫ్నియం, బరువైన రేర్ ఎర్త్‌ల లెక్కంతా మార్చేయగలదు. అలాంటి చోట 'జిర్కాన్ పోగుపడిన శిల' అంటే రాయంతా జిర్కానే అనిపిస్తుంది. 'కొద్దిపాటి జిర్కాన్ అదనంగా చేరిన శిల' అనండి.

చివరి ప్రశ్నకు జవాబు చిన్నదే. 'సూక్ష్మ' అన్న మాట వినగానే పరిమాణం, 'లేశ' అనగానే మోతాదు గుర్తొస్తాయి. మీరు చెబుతున్నవి రాయిలో 0.1 శాతం కన్నా తక్కువున్న మూలకాలు, అంటే మోతాదు సంగతి. పైగా వ్యవసాయం వాళ్లు జింక్, బోరాన్‌లను 'సూక్ష్మ పోషకాలు' అని ఇప్పటికే స్థిరపరిచేశారు. నా ఓటు 'లేశ మూలకాల'కే. మీ సారు 'సూక్ష్మ' అనే వాడమంటే అదే వాడండి, కానీ ఒకే వ్యాసంలో రెండూ కలపకండి.