హైదరాబాద్–డాలస్: ప్రయాణం అసలు ఎన్ని గంటలు?

ప్రశ్న: డిసెంబరులో మా అమ్మాయి దగ్గరికి డాలస్ వెళ్తున్నాం. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4.30కి విమానం. దుబాయ్‌లో మారి, అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతామని టికెట్‌లో ఉంది. పదకొండున్నర గంటలేనా? తిరుగు ప్రయాణం మాత్రం సోమవారం సాయంత్రం 6.30 నుంచి బుధవారం తెల్లవారుజామున 3 దాకా! ఇదేం లెక్క? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టికెట్‌లో ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారండీ. అసలు వ్యవధి తెలియాలంటే రెండింటినీ మన టైములోకి మార్చుకోండి. చలికాలంలో డాలస్ మనకంటే 11.30 గంటలు వెనక. అక్కడ సాయంత్రం 4 అంటే ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున 3.30. అంటే వెళ్లేటప్పుడు 23 గంటలు: దుబాయ్‌కి 4, అక్కడ ఆగేది 3, ఆపైన 16. తిరుగు ప్రయాణంలో, అక్కడ సోమవారం సాయంత్రం 6.30 అంటే మనకు మంగళవారం ఉదయం 6. బుధవారం 3కి దిగుతారు కాబట్టి 21 గంటలే. రెండు రోజులుగా కనిపించేదే నిజానికి తక్కువ ప్రయాణం! పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు వచ్చేటప్పుడు విమానాన్ని వెనక నుంచి తోస్తాయి, వెళ్లేటప్పుడు ఎదురొస్తాయి.

మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా 10.30 గంటలే. మీ అమ్మాయికి ఫోన్ చేసేటప్పుడూ ఇది గుర్తుంచుకోండి.

షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవారు ఊరి గడియారాన్ని నమ్ముకుంటే ఒక డోసు తప్పిపోవచ్చు, లేదా రెండు దగ్గర దగ్గరగా పడొచ్చు. ఏ గంటకు ఏది వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టరుతో రాయించుకోండి. మందులు చేతిసంచిలోనే ఉండాలి. ఆవకాయ సీసా మాత్రం చెక్‌ఇన్ పెట్టెలోకే; ద్రవాలు, ముద్దలా ఉండేవి 100 మి.లీ. దాటితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు.

రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ (టికెట్ బుకింగ్ నంబరు) మీద ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకటే అయితే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమాన సంస్థదే. విడివిడిగా కొంటే ఆ నష్టం మీదే. కొన్ని వందలు మిగులుతాయని విడిగా కొనకండి.

ప్రశ్న: డాలస్ మనకు పడమరనే కదా, మరి దగ్గరి దారి ఉత్తర ధ్రువం మీదుగా అంటారెందుకు? – మరో పాఠకుడు, గుంటూరు

జవాబు: గోడమీది పటం వదిలేసి గ్లోబు మీద దారం లాగి చూడండి. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, డాలస్ 97 డిగ్రీల పడమర. దాదాపు ఎదురెదురు. బిగించిన దారం ధ్రువానికి దగ్గరగానే పోతుంది; పొడవు సుమారు 14,400 కి.మీ. దుబాయ్ మీదుగా అయితే 2,550, ఆపైన 12,900. పెరిగేది వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, గాలిలో గంటకు కాస్త ఎక్కువ. సమయాన్ని తినేది దూరం కాదు, దుబాయ్‌లో ఆగే ఆ మూడు గంటలు.