నాయనమ్మ గురించి మూడు పేజీలు రాశాను, ఏ నాయనమ్మకైనా సరిపోతాయి

ప్రశ్న: అమ్మా, మా నాయనమ్మ కిందటి కార్తీకంలో పోయింది. సంవత్సరీకానికి వచ్చేవాళ్ళకి ఇవ్వడానికి చిన్న పుస్తకం వేయిద్దామనుకున్నాం, రాసే పని నామీద పడింది, ఇంట్లో ఫోన్లో తెలుగు టైప్ చెయ్యడం వచ్చింది నాకొక్కదానికే మరి. మాది దివిసీమ. ఆవిడ చదువుకోలేదు, ఫోటోలు నాలుగో అయిదో ఉంటాయి, అన్నిట్లోనూ ఎవరిదో పెళ్ళి, ఈవిడ వెనక వరసలో సగం మొహం. ఆధార్‌లో పుట్టినతేదీ 01-01-1945, అది ఉత్తదే. "బహుధాన్యలో పుట్టా, వినాయకచవితి వెళ్ళిన మూడోనాడు" అనేది. ఉప్పెన గురించి కూడా ఎప్పుడూ ఒకటే మాట, "ఆవేళ శనివారం, నేను ఉపవాసం, ఎంగిలిపడకుండానే పిల్లల్ని డాబా ఎక్కించా" అని. మూడు పేజీలు రాశాను, భక్తి, ఓర్పు, పెట్టే చెయ్యి, అంతే, ఇంకేం రావట్లేదు. ఇంకో రెండు సంగతులు. ట్రంకుపెట్టె అడుగున పసుపుగుడ్డలో ముడుపు దొరికింది, ఏ దేవుడికి కట్టిందో ఎవరికీ తెలీదు, విప్పొచ్చా? రెండోది అడగాలంటే కొంచెం సిగ్గుగా ఉంది. నాట్లకొచ్చే ఆడవాళ్ళకి నాయనమ్మ వేరే గ్లాసు పెట్టేది, అది గొడ్లపాక చూర్లో దోపి ఉండేది. చిన్నప్పుడు తెలీక నేను దాంతో నీళ్ళు తాగితే నూతిదగ్గరికి లాక్కెళ్ళి తలంటు పోసింది. ఇది రాస్తే ఊరుకోనని అన్నయ్య అంటున్నాడు. ఏం చెయ్యను?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు నాకు రాసిన ఈ ఉత్తరం ఆ మూడు పేజీల కంటే బాగుంది, ముందు ఆ సంగతి చూసుకోండి. భక్తి, ఓర్పు అన్న మాటలు తీసేసి ఉత్తరంలో ఉన్నవే వరసగా పెట్టినా సగం పుస్తకం వచ్చేస్తుంది.

తేదీల సంగతి ముందు తేల్చేద్దాం, అది కష్టం కాదు. మన తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కాబట్టి బహుధాన్య అంటే 1938 ఉగాది నుంచి 1939 ఉగాది దాకా, దాని తర్వాతది మళ్ళీ 1998లోనే. అంటే ఆవిడ పుట్టింది 1938 వినాయకచవితి వెళ్ళాక, ఆధార్ కంటే ఆరేళ్ళు పెద్ద. పాత పంచాంగం చూపించే యాప్‌లో చవితి ఎప్పుడొచ్చిందో చూసి మూడోరోజు వేసుకోండి. మన పెద్దవాళ్ళలో ఎంతమందికి జనవరి ఒకటి పుట్టినరోజో, అదో పెద్ద జోకు.

ఇక ఉప్పెన. అది 1977 నవంబరు 19, నిజంగానే శనివారం. కార్తీకమాసం కూడా, ఆ ఏడు అధికమాసం రావడం వల్ల దీపావళే నవంబరులో పడింది. చూశారా, చదువు లేదన్నారు గానీ ఆవిడ లెక్క తప్పలేదు, ఏడాది మర్చిపోయినా వారం మర్చిపోలేదు, ఎందుకంటే ఆవిడకి వారం అంటే క్యాలెండర్ కాదు, తినే రోజా తినని రోజా అన్నది. భక్తురాలు అని రాసేబదులు ఈ శనివారం సంగతి రాయండి. మిగతా తేదీలు కూడా ఇలాగే దొరుకుతాయి. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016ల్లో వచ్చాయి, "పుష్కరాలేడు మీ అత్త పెళ్ళి" అని ఎవరన్నా చెప్తే, ఆ అత్త ఉప్పెన నాటికి రెండో క్లాసు అయితే అది 1992 తప్ప ఇంకోటి అవ్వదు. ఇలా పెళ్ళిళ్ళూ పురుళ్ళూ ఒక కాగితం మీద వేసుకుంటూ పొండి, అత్తయ్యలు ఇద్దరు ఒకేచోట కూర్చుంటే పోట్లాడుకుని మరీ చెప్తారు.

పొలం గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, నాకు అది ఆశ్చర్యంగా ఉంది. పాస్‌బుక్ తాతగారి పేరున ఉంటుంది, ఓటరు లిస్టులో ఈవిడ ఫలానావారి భార్య, అడిగితే మనమే "హౌస్‌వైఫ్" అంటాం. జనాభా లెక్కలవాళ్ళు కూడా సొంత పొలంలో జీతం లేకుండా చేసేది పనేనని ప్రశ్నలోనే కలిపి అడగడం 1991లోగానీ మొదలెట్టలేదు. మా అమ్మమ్మదీ సేద్యపు ఇల్లే, నారుమడికి వడ్లు నానేసి గోనెసంచిలో మొలక కట్టినప్పుడు రాత్రి రెండు మూడుసార్లు లేచి సంచిలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసేది, వేడెక్కువైతే మొలక ఉడికిపోతుందని నీళ్ళు చిలకరించేది, తాతయ్య గురకపెట్టి నిద్రపోయేవాడు, పొద్దున రచ్చబండ దగ్గర "ఈసారి మొలక బాగా కట్టా" అని చెప్పుకునేదీ ఆయనే. మీ నాయనమ్మ చేతులు ఏం చేసేవో అలా గుర్తు చేసుకోండి. వరికోతకి నాలుగురోజుల ముందు చేలో మినుములు చల్లేదా, విత్తనం మినుము వేరే కుండలో దాచేదా, గేదె ఈనే రాత్రి లాంతరు పట్టుకుని ఎవరు కూర్చున్నారు, కొత్త వడ్లు రాగానే మొదట కంకులు గుడికెళ్ళేవా లేక పిచ్చికలకని చూరుకి కట్టేదా. ఆవిడ పూజా ఆవిడ సేద్యమూ రెండు వేరువేరు పనులు కావు, మీరు వేరువేరు చాప్టర్లు పెట్టారని నా అనుమానం, కలిపేయండి.

ముడుపు. శనివారాలు పట్టే మనిషి, పసుపుగుడ్డ, చాలావరకూ ఏడుకొండలవాడిదే అయ్యుంటుంది, కానీ ఖాయంగా అనలేం, ఊళ్ళో అమ్మవారికీ కడతారు. మీ గుళ్ళో పూజారిగార్ని ఒక మాట అడిగి, దేవుడి ముందు విప్పి చూసి మళ్ళీ అదే గుడ్డలో కట్టేస్తే తప్పేమీ లేదని నా ఉద్దేశం. విప్పితే నాణేల మీద ఏళ్ళు చూడండి. అన్నిటికంటే కొత్త నాణెం ఏ ఏడుదో, ముడుపు కట్టింది ఆ ఏడో ఆ తర్వాతో. ఆరుపలకల అల్యూమినియం ఇరవై పైసలు ఉందనుకోండి, అవి 1982 నుంచి వచ్చినవి కాబట్టి ఉప్పెనకి మొక్కింది కాదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జబ్బు చేసింది, ఎవరి ఉద్యోగం, ఎవరి కాన్పు అని వెతుక్కుంటూ వస్తే, ఏమో, అది మీకోసమే కట్టిందేమో కూడా. పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు, అయినా హుండీలో వెయ్యడానికి మొహమాటపడకండి, అది బ్యాంకు కాదు కదా. వేసేముందు ఫోటో తీసి పెట్టుకోండి, పుస్తకానికి పనికొస్తుంది.

గ్లాసు గురించి. రాయండి. "ఆ రోజుల్లో అందరూ అంతే" అని సాకు చెప్పకుండా, తిట్టిపోయకుండా, మీరు నాకు ఎలా రాశారో అలాగే నాలుగు వాక్యాలు. అదే చేత్తో కార్తీకదీపం పెట్టింది, అదే చేత్తో ఆ గ్లాసు చూర్లో దోపింది, రెండూ ఆవిడే. అన్నయ్య బాధ అర్థమవుతుంది, వచ్చినవాళ్ళ ముందు పరువు పోతుందని. కానీ ఊళ్ళో ఆ గ్లాసు సంగతి తెలీనివాళ్ళు మీ కుటుంబంలోనే ఉంటారు గానీ ఆ నాట్లకొచ్చేవాళ్ళ పేటలో ఎవరూ ఉండరు, వాళ్ళు రోజూ అందులో తాగినవాళ్ళు.

అన్నట్టు అసలు మీరు మొదట వెళ్ళాల్సింది వాళ్ళ దగ్గరికే. ముప్పై నలభై ఏళ్ళు మీ నాయనమ్మతో ఒకే వరసలో వంగి నాట్లేసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఇంకా ఉండే ఉంటారు. ఆవిడ ఏ పాట ఎత్తుకునేది, కూలి లెక్క దగ్గర గట్టిదా మెతకా, ఎవరికన్నా జ్వరమొస్తే ఏం చేసింది, ఇవి మీ అత్తయ్యలకి కూడా తెలీవు. వెళ్ళేటప్పుడు ఫోన్ రికార్డింగ్ అని మొదలెట్టకండి, ముందు కూర్చోండి, వాళ్ళు మంచినీళ్ళిస్తే తాగండి. గ్లాసు గురించి వాళ్ళు తిట్టినా వినండి, నవ్వేసి ఊరుకున్నా వినండి, ఏది చెప్తే అది రాయండి. ప్రింటుకి ఇచ్చేముందు వాళ్ళవి వాళ్ళకి చదివి వినిపించి, వద్దన్నది తీసేయండి.

అట్ట మీద "ఆదర్శ గృహిణి" మాత్రం వేయించకండి. పేరు, ఊరు, బహుధాన్య, అంతే.