మలివయసు ప్రశ్నలు - జవాబులు: నోరు కట్టేసుకోవడమే ఆరోగ్యమా?

ప్రశ్న: నా వయసు 71. చాలా ఏళ్లుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. ఈ మధ్య హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) 7.2 వచ్చింది. భోజనం చివర చిన్న స్వీటు ముక్క తినడం నాకు ఎప్పటినుంచో అలవాటు. ఇంట్లోవాళ్లు పూర్తిగా మాన్పించేశారు. దాంతో చాటుగా తినాల్సి వస్తోంది. ఇంత కట్టడి అవసరమా?

జవాబు: అవసరం లేదు. పైగా చాటుగా తినడమే మీకు ఎక్కువ చేటు. ఎవరూ చూడకుండా తినేవాళ్లు ఖాళీ కడుపుతో, గబగబా, లెక్కాపత్రం లేకుండా తింటారు. అదే ముక్క అందరి ముందూ భోజనం చివర తింటే షుగరు అంత వేగంగా పెరగదు. ఇక మీ అంకె గురించి. మిగతా ఆరోగ్యం బాగున్న పెద్దవారికి హెచ్‌బీఏ1సీ 7 నుంచి 7.5 లోపు ఉంటే చాలంటారు. గుండె, కిడ్నీ వంటి జబ్బులు కూడా ఉన్నవారికి 8 దాకా సడలింపు ఇస్తారు. ఈ వయసులో షుగరు మరీ పడిపోవడం వల్ల జరిగే హాని, కాస్త పెరగడం వల్ల జరిగే హానికన్నా త్వరగా ముంచుకొస్తుంది కాబట్టి. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

స్వీటు తినే రోజున ఇలా చేయండి. వంటింటి తూకం మీద 30 గ్రాముల ముక్క ఒకసారి తూచి చూసుకోండి. కంటికి ఆ కొలత అలవాటైతే మళ్లీ తూకం అక్కర్లేదు. ఆ పూట పిండిపదార్థాన్ని పావు వంతు తగ్గించండి, కూరగాయలు, పప్పు, గుడ్డు వంటివి మాత్రం తగ్గించొద్దు. ముందు అవి తిని, స్వీటు చివరికి ఉంచుకోండి. పీచు, ప్రొటీన్ ముందే కడుపులో ఉంటే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా దిగుతుంది. భోజనం అయ్యాక మామూలు నడక పది, పదిహేను నిమిషాలు నడవండి. పనిచేసే కండరాలు రక్తంలోని గ్లూకోజును వెంటనే లాక్కుంటాయి. అందుకే సాయంత్రం ఎప్పుడో గంట నడవడం కన్నా ఈ కాస్త నడకే ఆ పూట షుగరుకు ఎక్కువ పనికొస్తుంది.

ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి లెక్కపెట్టి రెండు గంటలకు ఒకసారి చూడండి. రెండోది 180 లోపు ఉంటే ఆ స్వీటు, ఆ కొలత మీకు సరిపడినట్టే. వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూస్తే స్పష్టత వస్తుంది. వేలు గుచ్చుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోండి. స్వీటు పట్టుకున్న వేలికి అంటిన చక్కెర రక్తపు చుక్కలో కలిస్తే మీటరు లేని షుగరును ఉన్నట్టు చూపిస్తుంది.

చేయకూడనివి కూడా ఉన్నాయి. స్వీటు తింటున్నాం కదా అని మాత్ర ఇంకోటి వేసుకోవద్దు. స్వీటు కోసం భోజనం మానేయొద్దు. గ్లిమెపిరైడ్ వేసుకుని భోజనం మానేస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. మీటరులో 70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజు, అంటే తలకొట్టిన నాలుగు టీ స్పూన్లు, నీళ్లలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, అప్పటికీ 70 కన్నా తక్కువే ఉంటే మళ్లీ అంతే తాగాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్సుకు ఫోన్ చేయాలి. ఆ సమయంలో స్వీటు ముక్క పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోజ్, అకార్బోజ్ అనే షుగరు మాత్రలు వాడేవాళ్లకైతే మామూలు చక్కెర కూడా త్వరగా పనిచేయదు. వాళ్ల దగ్గర గ్లూకోజు పొడే ఉండాలి.

"షుగర్ ఫ్రీ" అని రాసిన స్వీట్లను నమ్మి రెట్టింపు తినకండి. పిండి, కొవ్వు వాటిలోనూ ఉంటాయి. చక్కెర బదులు తీపికి మాల్టిటాల్, సార్బిటాల్ కలిపినవి కాస్త ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. మనసుకు నచ్చిన అసలు స్వీటు చిన్న ముక్క తినడమే మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. బీపీకి మాత్ర వాడుతున్నాను. రోజుకు ఎనిమిది, పదిసార్లు మిషన్‌తో చూసుకుంటాను. ఒకసారి 128, ఇంకోసారి 158. ఏది నిజమో తెలియక హడలిపోతున్నాను. వారం వారం వెళ్లే పాటల బృందానికి కూడా వెళ్లడం మానేశాను.

జవాబు: రెండూ నిజమే అయ్యుండొచ్చు. బీపీ రోజంతా ఒకేలా ఉండదు. మెట్లెక్కినా, మాట్లాడుతున్నా, మూత్రం ఆపుకున్నా, చివరికి ఆ మిషన్‌ను చూసి భయపడినా పెరుగుతుంది. 158 చూసి గుండె దడదడలాడుతుండగా మళ్లీ పట్టీ కట్టుకుంటే 165 వస్తుంది. అక్కడ మీరు కొలిచింది మీ భయాన్ని.

డాక్టరుకు పనికొచ్చే లెక్క ఒక్కటే, పద్ధతిగా తీసిన వారం రోజుల సగటు. పొద్దున మాత్ర వేసుకునే ముందు, సాయంత్రం భోజనానికి ముందు కొలవండి. అంతకు ముందు అరగంట కాఫీ, టీ, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి, రెండూ రాయండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలిన ఆరు రోజుల సగటు తీయండి. ఇంట్లో కొలిచినప్పుడు ఆ సగటు 135/85 కన్నా తక్కువుంటే సాధారణంగా అదుపులో ఉన్నట్టే. మీ డాక్టరు వేరే అంకె చెప్పి ఉంటే అదే పాటించండి.

అంకెలు తప్పడానికి కారణాలు చాలావరకు చిన్నవే. లావు చేతికి చిన్న పట్టీ కట్టినా, కాలు మీద కాలు వేసుకున్నా, చేయి కిందికి వేలాడేసినా, కొలుస్తుండగా మాట్లాడినా బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పట్టీని చొక్కా చేయి మీద కట్టొద్దు, చర్మం మీదే కట్టాలి. గుండె లయ తప్పి కొట్టుకునేవారికి ఈ మిషన్లు అంత నమ్మకంగా పనిచేయవు, ఆ సంగతి డాక్టరుకు చెప్పి కొలత అక్కడే తీయించుకోండి.

వారం పూర్తయ్యాక ఆ కాగితం డాక్టరుకు చూపించి, ఇకపై ఎన్నిసార్లు చూసుకోవాలో అడిగి రాయించుకోండి. అదుపులో ఉన్నవాళ్లకు వారానికి ఒకటి రెండుసార్లు సరిపోతుంది. మిగతా రోజుల్లో మిషన్ అలమరలో ఉండనివ్వండి. చూసుకోవాలని చెయ్యి లాగుతుంది. అప్పుడు "వద్దు" అని గట్టిగా పోరాడకుండా పది నిమిషాలు వాయిదా వేయండి. వారం తర్వాత ఇరవై, ఆపైన అరగంట. ఆ ఆరాటం కాసేపు పెరిగి దానంతట అదే తగ్గుతుంది. చూసుకున్న ప్రతిసారీ దొరికే ఊరట కొద్దిసేపే ఉంటుంది, మళ్లీ చూసుకోవాలనే కోరికను మాత్రం బలపరుస్తుంది. వేలికి పెట్టే ఆక్సిమీటరుకూ, ఫోన్‌లో జబ్బుల గురించి వెతకడానికీ ఇదే వర్తిస్తుంది. బెంగలన్నీ ఒక పుస్తకంలో రాసి, సాయంత్రం పావుగంట వాటికే కేటాయించండి. నిద్రకు ముందు మాత్రం వద్దు.

పాటకు తప్పకుండా వెళ్లండి. పాడుతున్నంతసేపు బీపీ కాస్త పెరగడం ఏ శ్రమకైనా మామూలే. పాడి రాగానే కొలవొద్దు.

ఏది అత్యవసరమో తెలిస్తే మిగతాది వదిలేయడం తేలిక. 180/120 దాటి, దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చేయీ కాలూ పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, చూపు మసకబారడం వంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ లక్షణాలు ఉంటే అంకె ఎంత ఉన్నా వెళ్లాల్సిందే. లక్షణాలేవీ లేకుండా అంకె మాత్రమే అంత ఉంటే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ కొలవండి, అలాగే ఉంటే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. ఇన్ని చేసినా చూసుకోవడం ఆగకపోతే, వారాల తరబడి నిద్ర పట్టకపోతే సైకాలజిస్టును కలవండి. ఆరోగ్యం గురించిన అతి బెంగకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్స) బాగా పనిచేస్తుంది, వయసు అడ్డు కాదు.

ప్రశ్న: 73 ఏళ్ల దాన్ని. థైరాయిడ్ మాత్ర వాడతాను. పొద్దున ఒక కాఫీ, నాలుగు గంటలకు ఒకటి. మానేయాలా?

జవాబు: మానక్కర్లేదు, వేళలు మార్చండి. థైరాక్సిన్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగండి. వెంటనే తాగితే మాత్ర ఒంటికి పూర్తిగా పట్టదు. మోతాదు చాలట్లేదేమోనని అనవసరంగా పెంచాల్సి వస్తుంది. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే థైరాయిడ్ మాత్రకూ వాటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రను కాఫీ, టీలతో వేసుకోవద్దు.

రెండో కాఫీ నిద్రను చెడగొడుతోందేమో చూడండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగినదాంట్లో సగం తొమ్మిదింటికి కూడా మీలోనే ఉంటుంది. రెండు వారాలు ఆ కప్పును రెండు గంటలకు జరిపి చూడండి. కప్పుకు రెండు టీ స్పూన్ల చక్కెర వేస్తుంటే రోజుకు 16 గ్రాములు. వారానికి పావు స్పూను చొప్పున తగ్గిస్తే నాలుక గమనించదు.

ప్రశ్న: మా నాన్నగారికి 78. గుండె జబ్బు వచ్చాక ఉప్పు బాగా తగ్గించి వండుతున్నాం. చప్పిడి తిండి నోటికి సహించక సగం వదిలేస్తున్నారు. ఐదు నెలల్లో 58 కిలోల నుంచి 54కు వచ్చారు. ఉప్పు ముఖ్యమా, తిండి ముఖ్యమా?

జవాబు: ముందు ఆ నాలుగు కిలోల సంగతి డాక్టరుకు చెప్పండి, ఈ వారంలోనే. ప్రయత్నించకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బరువులో 5 శాతం తగ్గితే కారణం వెతకాలి. మీ నాన్నగారిది 7 శాతానికి దగ్గర. చప్పిడి తిండే కారణం కావచ్చు. వదులైన కట్టుడు పళ్లు, నోరు ఎండిపోయేలా చేసే మాత్రలు, దిగులు, వేరే జబ్బు ఏదైనా కావచ్చు. ఊహించి వదిలేయకండి.

డాక్టరు చెప్పిన ఉప్పు పరిమితిని మీరంతట మీరు దాటొద్దు, గుండె వైఫల్యం ఉన్నవారికి నీరు పట్టే ప్రమాదం ఉంది. అయితే ఆ పరిమితి గ్రాముల్లో ఎంతో అడగండి. మామూలుగా పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు, దాదాపు ఒక టీ స్పూను అంటారు. "బాగా తగ్గించండి" అన్న మాటను ఇంట్లోవాళ్లు చాలాసార్లు "అసలు వద్దు" అని అర్థం చేసుకుంటారు. ఆయన వాటా ఉప్పును పొద్దున్నే చిన్న డబ్బాలో కొలిచిపెట్టండి. వంటలో దాదాపు ఏమీ వేయకుండా, తినే ముందు పైన చల్లండి. లోపల కలిసిన ఉప్పుకన్నా పైనున్నది నాలుకకు నేరుగా తగులుతుంది, కొంచెంతోనే రుచి తెలుస్తుంది. వయసుతో వాసన పట్టే శక్తి తగ్గుతుంది కాబట్టి పులుపు, వేయించిన సువాసన, మిరియాల ఘాటు, వేడివేడిగా వడ్డించడం బాగా తోడ్పడతాయి. ప్యాకెట్లలో వచ్చే చిరుతిళ్లు, సాస్‌లు, నిల్వ పదార్థాల్లోని ఉప్పు మాత్రం లెక్కకు అందదు.

"తక్కువ సోడియం ఉప్పు" డాక్టరును అడగకుండా కొనొద్దు. అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీ బలహీనంగా ఉన్నా, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి మాత్రలు వాడుతున్నా రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. గుండె జబ్బుకు సరిగ్గా ఈ మాత్రలే తరచుగా రాస్తారు.

కిడ్నీ జబ్బు లేకపోతే కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్, అంటే ఆయనకు రోజుకు 54 నుంచి 65 గ్రాములు అందాలి. మూడు పెద్ద భోజనాల బదులు ఐదు చిన్నవి పెట్టండి. ఆయనకు ఇష్టమైన వంటకం రోజూ ఒక పూటైనా ఉండాలి. ఆకలి లేనివారికి ఇష్టమే తొలి మందు.

ప్రశ్న: 69 ఏళ్లు. నీరు పోయే మాత్ర వాడుతున్నాను. దారిలో ఇబ్బందని ప్రయాణాలు మానేశాను. వెళ్లక తప్పనప్పుడు నీళ్లు తాగను.

జవాబు: నీళ్లు మానడం వల్ల మూత్రం చిక్కబడి మంట, తొందర ఎక్కువవుతాయి. లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. ఫ్రుసెమైడ్ వంటి మాత్ర ప్రభావం సుమారు ఆరు గంటలుంటుంది. ప్రయాణం రోజున దాన్ని మధ్యాహ్నానికి జరపొచ్చా అని డాక్టరును అడగండి, చాలామందికి ఒప్పుకుంటారు. మానేయడం మాత్రం వద్దు. నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండండి. రెండు గంటలకోసారి ఆగేలా ముందే మాట్లాడుకుని, తొందర వచ్చేదాకా చూడకుండా ఆగినప్పుడల్లా వెళ్లి రండి. ఆ ఆగడం కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కూడా మేలు చేస్తుంది. మందులు చేతిసంచీలోనే ఉండాలి.

ప్రశ్న: 75 ఏళ్లు. ఒకసారి మొక్కల దగ్గర తూలి పడ్డాను, దెబ్బ తగల్లేదు. అప్పటి నుంచి పిల్లలు తోటపని వద్దంటున్నారు. అది లేకపోతే నాకు పొద్దుపోదు.

జవాబు: పడతామన్న భయంతో కూర్చుండిపోతే కాళ్లు ఇంకా బలహీనపడి పడే అవకాశం పెరుగుతుంది. తోటపని మానొద్దు, ఎందుకు తూలారో కనుక్కోండి. ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి, నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే మాత్రల మోతాదు, వేళ గురించి డాక్టరుతో మాట్లాడాలి. కంటిచూపు, చెప్పుల అడుగులు కూడా చూసుకోండి. తడినేల మీద అరిగిన చెప్పులు వద్దు.

కుండీలను నడుము ఎత్తు బల్ల మీదికి చేర్పించండి. వంగి లేచినప్పుడే కళ్లు బైర్లు కమ్ముతాయి. నీళ్ల డబ్బా నిండా నింపొద్దు, ఐదు లీటర్లంటే ఐదు కిలోలు ఒక పక్కకు లాగుతాయి. రెండు చేతుల్లో రెండు చిన్నవి పట్టుకుంటే నడక సమంగా ఉంటుంది. నీళ్ల పైపును నడిచే దారిలో వదలొద్దు. పెద్ద భోజనం చేసిన గంట రెండు గంటల్లో బీపీ తగ్గే అవకాశం ఉంది, ఎండ వేళ ఇంకా ఎక్కువ. అందుకే పొద్దున పూట పని పెట్టుకోండి.

కాళ్ల బలానికి, గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం పదిసార్లు చేయండి. మొదట్లో చేతులు ఆనినా ఫరవాలేదు. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి, ఆపైన రెండో కాలు. వారానికి మూడు రోజులు తప్పకుండా చేయండి. మొక్కల దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్‌ను జేబులోనో, నడుముకు కట్టిన సంచీలోనో పెట్టుకోండి. గట్టు మీద పెడితే కింద పడ్డప్పుడు అందదు.