వచ్చిన కొత్తలో కుదిరే స్నేహాల గురించి

విదేశానికి కొత్తగా వచ్చినవారు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటుంది: అందరూ ఆదరంగానే పలకరిస్తున్నారు గానీ, మనసు విప్పి మాట్లాడుకునే స్నేహితులు ఎందుకు దొరకడం లేదు అని. అది మీ లోపమని బాధపడకండి. స్నేహానికి పట్టే కాలం మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకుడు జెఫ్రీ హాల్, గడచిన ఆరు నెలల్లో ఊరు మారి కొత్త స్నేహాల కోసం చూస్తున్న 355 మందిని ప్రశ్నించి, 2018లో ఫలితాలు వెలువరించారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, మరికాస్త గట్టిపడడానికి 90 గంటలు, ఆప్తులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి వచ్చిందని ఆయన అంచనా. ఆఫీసులో పక్కపక్కన పనిచేసిన సమయం ఇందుకు అంతగా అక్కరకు రాలేదన్నది మీరు ముఖ్యంగా గమనించాలి. నెలకొకసారి ఏదో వేడుకలో కనబడే నలభై మందికన్నా, ప్రతివారం ఒకే వేళకు మీతో నడకకు వచ్చే ఒక్క మనిషితోనే ఆ గంటలు త్వరగా పోగవుతాయి.

నిజానికి, మొదట దగ్గరయ్యేవారిని మనం ఎంచుకోవడం తక్కువే. ఒకే ఇంట్లో అద్దెకు ఉండడమో, ఒకే బస్సులో వెళ్లడమో వారిని మనకు తెచ్చిపెడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ బృందం అమెరికాలోని ఎంఐటీ అనే విద్యాసంస్థ విద్యార్థుల ఇళ్ల సముదాయాన్ని పరిశీలించి, దగ్గరి గుమ్మాలవారి మధ్యనే స్నేహాలు ఎక్కువగా కుదిరాయని 1950లోనే చూపింది. అలా ఇరుగుపొరుగుతనం కలిపిన స్నేహం, ఇల్లు మారినప్పుడో, పెళ్లయి పిల్లలు పుట్టినప్పుడో పలచబడితే అందులో ద్రోహమేమీ లేదు. రోజూ మాట్లాడుకున్నవారు ఏడాదికి రెండుసార్లు మాట్లాడుకుంటారు. దాన్ని తెగతెంపులుగా లెక్కవేసి నిష్ఠూరమాడితే మిగిలిన కాస్తా పోతుంది.

అయితే, పలచబడడం వేరు, మాట్లాడకుండా చెడిపోవడం వేరు. నా తొలి రూమ్మేట్‌కు ఒకసారి చేబదులు ఇచ్చాను. ఎప్పటికి తిరిగివ్వాలో అతడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నెలలు గడిచేకొద్దీ అతడు నాకు ఎదురుపడడం మానేశాడు. నేను దాన్ని కృతఘ్నత అనుకున్నాను. చేతిలో డబ్బు లేక మొహం చాటేస్తున్నాడని అప్పట్లో నాకు తోచనేలేదు. “వీలైనప్పుడే ఇవ్వు, మనం మాత్రం ఎప్పటిలాగే కలుద్దాం” అని నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కొత్తచోట ఒకరి అవసరానికి ఒకరు ఆదుకోక తప్పదు గనుక, గడువేదో ఇచ్చేనాడే పైకి చెప్పుకోండి. ఆ గడువు దాటితే మీరే ముందుగా పలకరించండి.

దూరమైనవారికి మళ్లీ రాయాలనిపిస్తే, “నల్లపూసవైపోయావు” అని మొదలుపెట్టకండి. ఆప్యాయంగా అన్నా సరే, ఆ మాట అవతలివారిని సంజాయిషీ చెప్పుకునే స్థితిలో పడేస్తుంది. ఏ సంగతి చూసి వారు గుర్తుకొచ్చారో అదే రాయండి. పదకొండేళ్ల తరువాత నేను ఆ రూమ్మేట్‌కు అలాగే రాశాను. ఆనాడు నోరు విప్పనందుకు క్షమించమని కూడా అడిగాను. మర్యాదగా, క్లుప్తంగా జవాబు వచ్చింది. పాత చనువు తిరిగి రాలేదు, నేను మళ్లీ ఒత్తిడి చేయలేదు.