శిక్షలో చదువు, పునరావాసంలో ఇల్లు

సందేహం: ‘హింసాత్మక నేరాల్లో నిందితులకు శిక్ష కన్నా పునరావాసం ముఖ్యం’ అని ఒక వ్యాసంలో చదివాను. పునరావాసం అంటే ఇళ్ళు పోయినవాళ్ళకు మళ్ళీ ఇళ్ళు చూపించడం కదా? జైలుకు వెళ్ళేవాళ్ళ విషయంలో ఆ మాట వాడవచ్చా? ఇంకొకటి. హిందీలో శిక్షా అంటే చదువు, మనకేమో దండన. తెలుగువాళ్ళు ఎక్కడైనా పొరబడ్డారా? చివరగా, నేరస్థుడా, నేరస్తుడా?

సమాధానం: మీరు ఆ వాక్యంలో చివరి మాటల దగ్గర ఆగారు. నాకు ‘నిందితులకు’ అన్న దగ్గరే కాలికి రాయి తగిలింది.

నిందితుడు అంటే నింద పడినవాడు. ఆ నింద నిజమని తేలిందని ఈ మాట చెప్పదు. నింద అబద్ధం కూడా కావచ్చని మన భాషకు బాగా తెలుసు, నీలాపనింద అనే మాట అందుకే ఉంది. శమంతకమణి కథ గుర్తు చేసుకోండి. ప్రసేనుణ్ణి చంపి మణి కాజేశాడని కృష్ణుడి మీద నింద పడింది. ఇప్పటి లెక్కలో అది హత్య, దోపిడీ కేసు. నిజానికి ప్రసేనుణ్ణి చంపింది సింహం. ఆ సింహాన్ని చంపి మణి పట్టుకుపోయింది జాంబవంతుడు. సంగతి తేలేదాకా కృష్ణుడు నిందితుడే. అతనికి శిక్ష వేయాలా, లేక అతన్ని మంచిదారిలో పెట్టాలా అని ద్వారకలో ఎవరైనా చర్చ పెట్టి ఉంటే ఎంత ఎబ్బెట్టుగా ఉండేది! (పాపం, ఆయనే అడవులు పట్టి తిరిగి సాక్ష్యం తెచ్చుకోవలసి వచ్చింది. నేరం రుజువు చేసే బరువు నింద వేసినవాళ్ళదే అన్న సూత్రం అప్పటికి లేదు కాబోలు.)

అనుమానం మాత్రమే ఉంటే అనుమానితుడు. ఆరోపణ వస్తే నిందితుడు. కోర్టు మెట్లెక్కితే ముద్దాయి. రుజువైతే దోషి. ఈ ముద్దాయి సంగతి తమాషాగా ఉంటుంది. దావా, ముద్దాయి రెండూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి వచ్చాయి. ఉర్దూ కోర్టు భాషలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి ఆ మనిషి బోనులోకి మారిపోయాడు. ఇప్పుడు దాన్ని వెనక్కి తిప్పబోతే వాదులాటే మిగులుతుంది, వాడుక స్థిరపడిపోయింది. కానీ ‘నిందితుడు కత్తితో పొడిచి పరారయ్యాడు’ అని వార్త రాసేవాళ్ళకు మాత్రం నేను మినహాయింపు ఇవ్వను. పొడిచాడని తేలిపోతే అతన్ని ఇంకా నిందితుడనడం ఎందుకు? తేలకపోతే ‘పొడిచాడన్న ఆరోపణ ఉంది’ అనాలి. కర్త ఒకటి చెబుతుంటే క్రియ ముందే తీర్పు ఇచ్చేస్తోంది.

ఇది మాటల పట్టింపు అనుకోకండి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1966లో ఆమోదించింది. అందులో 10వ అధికరణం విచారణలో ఉన్నవాళ్ళను శిక్ష పడినవాళ్ళతో కలిపి ఉంచకూడదని, దోషులుగా తేలనివాళ్ళకు తగినట్టే చూడాలని చెబుతుంది. అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఇదే నియమం. ఆ అధికరణంలోనే ఖైదీల సంస్కరణ, సమాజంలో వాళ్ళ పునరావాసం జైలు వ్యవస్థకు ముఖ్య లక్ష్యాలు కావాలని కూడా ఉంది. రెండు లక్ష్యాలకు రెండు వేరువేరు మాటలు వాడారు. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు శిక్ష. తెలుగువాళ్ళు పొరబడలేదు. పొరబడ్డారనే అంటే కన్నడిగులు, మలయాళీలు, మరాఠీలు కూడా మనతో పాటే పొరబడ్డారు, వాళ్ళకూ శిక్ష అంటే దండనే. సంస్కృతంలో మాత్రం అది నేర్చుకోవడం. వేదాంగాలు ఆరింటిలో ఉచ్చారణ నేర్పేదాని పేరు శిక్ష. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం ‘శిక్ష’ ధాతువుకు విద్యను పొందడం అని అర్థం చెప్పింది. ఇంకా లోతుకు వెళితే, ‘శక్’ అంటే చేయగలగడం. శక్తి, శక్యం దాని పిల్లలే. చేయగలగాలని కోరుకోవడం అనే అర్థంలో ఆ ధాతువుకు ‘శిక్ష’ అనే రూపం వస్తుంది. అంటే శిక్ష పడ్డవాడు, మాట పుట్టుకను బట్టి చూస్తే, చేతనైనవాడు కావాలని కోరుకునేవాడు!

శాస్తి కూడా ఇలాంటిదే. ‘తగిన శాస్తి జరిగింది’ అని కసిగా అంటాం కదా. శాస్త్రం, శాసనం, శిష్యుడు అన్నీ ఆ ‘శాస్’ ధాతువు నుంచే వచ్చాయి. శాసించడం, బోధించడం, దండించడం మూడూ ఆ ఒక్క ధాతువులోనే ఇమిడి ఉన్నాయి. మన తెలుగు పలుకుబడి చూసినా అంతే. ‘వాడికి బుద్ధి చెప్పాలి’ అంటే ఎవరూ పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మంచిమాటలు చెప్పాలని అర్థం చేసుకోరు. గుణపాఠం నేర్పడం కూడా సాధారణంగా దెబ్బతోనే. కఠినంగా దండించాలనేవాళ్ళూ, మనిషిని మార్చాలనేవాళ్ళూ ఒకే పలుకుబడి వాడుతూ ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు. బుద్ధి చెప్పాలని ఇద్దరూ అంటారు, ఎలా చెప్పాలన్న దగ్గరే పేచీ.

అయితే ధాతువును చూసి మురిసిపోవడం నాకు ఇష్టం ఉండదు. ఈనాటి అర్థాన్ని నిర్ణయించేది వాడుక. శిక్ష వేస్తారు, పడుతుంది, అనుభవిస్తారు. శిక్షణ ఇస్తారు, పొందుతారు. పక్కన చేరే క్రియలే రెండింటి దారులు వేరని చెబుతాయి. ఉరిశిక్షలో ఎవరు ఏం నేర్చుకుంటారు? కాబట్టి ‘శిక్ష అంటే అసలు అర్థం శిక్షణే’ అని ఎవరైనా వాదిస్తే, అది పాతకాలపు నిజం అని చెప్పి ఊరుకోండి.

పునరావాసం విషయంలో మీ అనుమానంలో పస ఉంది. పునః, ఆవాసం: మళ్ళీ నివాసం. నిర్వాసితులకు ఇది చక్కగా సరిపోయే మాట. దీన్ని ఇంగ్లీషు రిహాబిలిటేషన్‌కు సమానంగా వాడుతున్నాం. కానీ ఆ మాటకు మూలం లాటిన్ ‘హాబిలిస్’, అంటే తగిన, సమర్థమైన అని. నివాసం ఊసు అందులో లేదు. మళ్ళీ యోగ్యుణ్ణి చేయడం, పోయిన హోదాను, హక్కులను తిరిగి ఇవ్వడం దాని పాత అర్థం. ఇక్కడ నాకు నవ్వొచ్చింది. చేయగలగడం అనే భావం మన శిక్షలో ఉంది, పునరావాసంలో లేదు. వ్యుత్పత్తి మాత్రమే చూస్తే రిహాబిలిటేషన్‌కు శిక్షే దగ్గరి చుట్టం!

అలాగని పునరావాసాన్ని తోసెయ్యను. మత్తు అలవాటు మాన్పించే చోట్లను పునరావాస కేంద్రాలనడం అందరికీ అలవాటైంది. ఖైదీ విడుదలై బయటికి వచ్చాక అతనికి ఉండటానికి చోటు, చేయడానికి పని, పలకరించడానికి నలుగురు మనుషులు కావాలి. అక్కడ ఈ మాట అక్షరాలా అతుకుతుంది. జైల్లో ఉండగా జరగాల్సిన మార్పుకు మాత్రం వేరే మాట కావాలి. అంతర్జాతీయ ఒడంబడిక రెండు మాటలు వాడిందన్నది ఇందుకే గుర్తుచేశాను. సంస్కరణ అనవచ్చు గాని, అది చట్టాలకు, వ్యవస్థలకు ఎక్కువగా అలవాటైన మాట. నాకు దిద్దుబాటు నచ్చుతుంది. పలక మీద గురువు రాసిన అక్షరం మీద పిల్లవాడు తన చేత్తో తానే దిద్దుకోవాలి. కత్తి పట్టిన చేయి విషయంలోనూ పని అదే. దారి చూపేవాళ్ళు ఉండాలి, చేయి మాత్రం అతనే కదపాలి.

అందుకని మీరు పంపిన వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘హింసాత్మక నేరాల్లో దోషులుగా తేలినవారికి దండన కన్నా దిద్దుబాటు, ఆ తర్వాత పునరావాసం ముఖ్యం.’ అందులోని అభిప్రాయాన్ని ఒప్పుకుంటారో, కాదంటారో మీ ఇష్టం. కనీసం దేని మీద వాదిస్తున్నామో తెలుస్తుంది.

ఇక వర్ణక్రమం. నేరస్థుడు సరైన రూపం. రోగగ్రస్తుడు లాంటి మాటల్లోని ‘గ్రస్త’ చెవిలో ఉండిపోయి కొందరు నేరస్తుడు అని రాస్తున్నారు. ఇక్కడున్నది ‘స్థ’, ఉండేవాడు అని అర్థం. ఇంట్లో ఉండేవాడు గృహస్థుడు, నేరంలో ఉండేవాడు నేరస్థుడు. శిక్ష పూర్తిచేసుకుని బయటికి వచ్చినవాణ్ణి కూడా ఇదే మాటతో పిలుస్తున్నాం, అతను ఇంకా అందులోనే కాపురం ఉంటున్నట్టు. అతనికి ‘మాజీ ఖైదీ’ అన్న మాట ఉంది, వాడండి.