జిల్లా పెద్దదైతే నమూనా కూడా అంత పెద్దది కావాలా?

అక్కరలేదు; నమూనాను, అంటే మొత్తంలోంచి పరీక్షకు తీసే కొన్నింటిని, యాదృచ్ఛికంగా (ప్రతి ఒక్కదానికీ సమాన అవకాశం ఉండేలా) ఎంచుకుంటే అంచనా కచ్చితత్వం దాదాపు పూర్తిగా నమూనాలోని సంఖ్య మీదే ఆధారపడుతుంది తప్ప, అది మొత్తంలో ఎంత శాతమన్న దాని మీద కాదు.

దీనికి కారణం, పొరపాటు పరిధి (అంచనా అసలు విలువకు అటూ ఇటూ ఎంత తేడాగా ఉండొచ్చో ఆ మేర) నమూనా సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గడమే. అందుకే ఆ పరిధిని సగానికి దించాలంటే నమూనాను నాలుగింతలు చేయాలి. మొత్తం సంఖ్య ప్రభావం చాలా స్వల్పం.

నల్లగొండ జిల్లాలో ఎంత శాతం బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో తెలుసుకోవాలనుకుందాం. లెక్క కోసం ఒక మండలంలో 4,000, జిల్లా మొత్తంలో 1,00,000 బోర్లు ఉన్నాయనుకొని, రెండు చోట్లా 400 బోర్ల చొప్పున చీటీలు తీసి పరీక్షిస్తే, 95 శాతం విశ్వాస స్థాయిలో (ఇలా వందసార్లు తీస్తే సుమారు 95 సార్లు అంచనా ఆ పరిధి దాటదన్న లెక్కన) పొరపాటు మండలానికి గరిష్ఠంగా సుమారు 4.6, జిల్లాకు 4.9 శాతం పాయింట్లు ఉంటుంది. బోర్లు 25 రెట్లయినా తేడా ఇంతే. అయితే ప్రతి మండలానికీ విడివిడిగా ఫలితం కావాలంటే మాత్రం ఒక్కొక్క దానికీ 400 దాకా తీయక తప్పదు.

“మొత్తంలో పది శాతమైనా తీయాలి” అన్నది ఎక్కువమందిలో ఉన్న అపోహ. దానికంటే ప్రమాదకరమైనది, నమూనా పెద్దదైతే చాలు, ఎలా ఎంచినా ఫరవాలేదనుకోవడం: ఫ్లోరైడ్ సమస్యకు పేరుపడ్డ మర్రిగూడ చుట్టుపక్కల బోర్లనే 5,000 పరీక్షించినా జిల్లా శాతం తెలియదు, ఎందుకంటే ఎంపికలోని పక్షపాతం సంఖ్య పెంచినంత మాత్రాన తగ్గదు.